కూర్చోబెట్టిన గంటలకు లెక్క కావాలి: హైదరాబాద్‌కు పౌర పర్యవేక్షణ మండలి కోరుతూ బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర హోం శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,
హైదరాబాద్ నగర పోలీస్ కమిషనర్ గారికి,

నమస్కారం.

మన ఠాణాల్లో రోజూ వినబడే మాటలు రెండున్నాయి. ఒకటి ‘కూర్చోబెట్టారు’, రెండోది ‘అరెస్టు చూపించారు’. మొదటిది సోమవారం సాయంత్రం జరుగుతుంది. రెండోది మంగళవారం రాత్రో, బుధవారం పొద్దున్నో జరుగుతుంది. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 58వ సెక్షన్ చెబుతోంది. కాగితం మీద ఆ గడియారం తిరగడం మొదలయ్యేది రెండో మాట దగ్గర. ఆ రెండు మాటల మధ్య గంటలు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. దెబ్బలు పడేది, తెల్ల కాగితం మీద సంతకం తీసుకునేది, సివిల్ తగాదా ‘సెటిల్’ అయ్యేది ఎక్కువగా ఆ గంటల్లోనే.

కింద సంతకాలు చేసిన మేము క్రిమినల్ కోర్టుల్లో పనిచేసే న్యాయవాదులం, న్యాయ సేవాధికార సంస్థల పారా లీగల్ వలంటీర్లం, ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో పనిచేసినవాళ్లం. నగరానికి పౌరుల చేతిలో ఉండే ఒక పర్యవేక్షణ మండలి కావాలని అడుగుతున్నాం. మండలి అనగానే ఇంకో కమిటీ, ఇంకో ప్రారంభోత్సవం, ఇంకో ఫొటో అనుకుంటారేమో. అలాంటిది వద్దనే ఇంత వివరంగా రాస్తున్నాం.

ఉన్న వ్యవస్థలు ఎక్కడ ఆగిపోతున్నాయో ముందు చూడాలి. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్ర స్థాయిలో, జిల్లా స్థాయిలో పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు పెట్టమంది. డీఎస్పీ, ఆ కింది స్థాయి వారిపై ఫిర్యాదులు జిల్లా సంస్థ చూడాలి. కస్టడీలో మరణం, తీవ్ర గాయం, అత్యాచారం, బలవంతపు వసూళ్లు, భూమి లేదా ఇల్లు ఆక్రమించడం వంటివి దాని పరిధి. ఆ తీర్పు ఎంత ముఖ్యమైనదైనా, ఘోరం జరిగాక తలుపు తట్టే ఏర్పాటే అది. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్దామంటే, ఘటన జరిగి ఏడాది దాటితే 1993 చట్టం 36వ సెక్షన్ ప్రకారం కమిషన్ విచారించలేదు. మన రాష్ట్రంలో 2025 ఏప్రిల్‌లో కొత్త ఛైర్మన్ వచ్చేదాకా ఆ కుర్చీ రెండేళ్లకు పైగా ఖాళీగా ఉంది. ఏడాది గడువున్న ఫిర్యాదుకు రెండేళ్ల ఖాళీ అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు.

ఈ నగరం ఇదివరకు చూసింది కూడా అదే. 1978లో నల్లకుంట ఠాణాలో రమీజా బీపై అత్యాచారం, ఆమె భర్త మరణం ఘటనపై జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకకు బదిలీ అయి అక్కడ నిలవలేదు. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకెళ్లిన యువకుల విషయం తేల్చడానికి మైనారిటీల కమిషన్ ఒక న్యాయవాదిని విచారణకు నియమించాల్సి వచ్చింది. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ కేసు నిందితులు నలుగురు చనిపోయిన పోలీసు కాల్పులపై సుప్రీంకోర్టు ఆరు రోజుల్లోనే సిర్పూర్కర్ కమిషన్ వేసింది. నివేదిక బయటకొచ్చింది 2022 మేలో. ప్రతిసారీ కొత్త కమిషన్, కొత్త ఆఫీసు, మళ్లీ మొదట్నుంచి సాక్ష్యాల వెతుకులాట. మొదటి మూడు రోజుల్లో సాక్ష్యాన్ని భద్రం చేసే చేతులు ఊళ్లో ఒక్కసారీ లేవు.

సాక్ష్యాన్ని అంత త్వరగా ఎందుకు భద్రం చేయాలో సీసీ కెమెరా లెక్క చెబుతుంది.

పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలో గేటు, లాకప్పులు, వరండాలు, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, వెనక భాగం, బాత్రూముల బయట కెమెరాలు ఉండాలంది. చిత్రంతోపాటు శబ్దం, రాత్రి దృశ్యం రికార్డు కావాలంది. 18 నెలలు నిల్వ ఉంచాలి, అంత సామర్థ్యం దొరకకపోతే ఎట్టి పరిస్థితిలోనూ ఏడాదికి తగ్గకూడదంది. ఇప్పుడు లెక్క వేయండి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే ఒక కెమెరాకు రోజుకు దాదాపు 21.6 జీబీ అవుతుంది. 16 కెమెరాలున్న ఠాణాకు రోజుకు 345 జీబీ. రికార్డర్‌లో 8 టీబీ డిస్కు ఒక్కటే ఉంటే 23 రోజులకు నిండిపోయి, మొదటి రోజు మీదే కొత్తది రాసుకుంటుంది. 18 నెలలకు కావాల్సింది దాదాపు 190 టీబీ. కొత్త కంప్రెషన్‌తో సగానికి తగ్గించినా 95 టీబీ. కెమెరాలు కొనే టెండర్లో ఈ లెక్క లేకపోతే గోడ మీద కెమెరా ఉంటుంది, సాక్ష్యం ఉండదు. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు గడువు 30 రోజులు. మొదటి అప్పీలుకు మరో 30 నుంచి 45 రోజులు. అప్పటికి ఆ రాత్రి ఫుటేజీ చెరిగిపోయి ఉంటుంది. కెమెరాలు పనిచేయని విషయాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సుమోటోగా తీసుకుంది కూడా.

ఇంకో చిన్న విషయం, చాలా కేసులను చెడగొట్టేది: రికార్డర్ గడియారం. లోపలి బటన్ సెల్ అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. సెల్ బాగున్నా నెలల తరబడి సరిచేయకపోతే నిమిషాలు జరుగుతాయి. తెరమీద 9.10, ఠాణాలో రోజూ జరిగేవన్నీ రాసే జనరల్ డైరీలో 8.25 అని ఉంటే ఆ ఫుటేజీ కోర్టులో ఎవరికీ పనికిరాదు. నిజాయితీగా పనిచేసిన ఎస్సైకి కూడా పనికిరాదు.

కాబట్టి మండలికి మేము కోరే మొదటి అధికారం భద్రపరిచే నోటీసు. ఫిర్యాదు అందిన 24 గంటల్లో మండలి నోటీసు ఇస్తుంది. ఆరు గంటల్లో ఠాణా ఆ ఫుటేజీని రెండు ప్రతులు తీయాలి. లాకప్ కెమెరా ఒక్కటే తీస్తే చాలదు. గేటు, వరండా, వెనక ద్వారం, ఇన్‌స్పెక్టర్ గది, అన్నీ కావాలి, ఘటనకు ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు కలిపి. ప్రతికి హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంఖ్య) అప్పుడే తీసి, భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో సీల్ చేయాలి. దాంతోపాటు డయల్ 112 కాల్ వివరాలు, పెట్రోలింగ్ బండి జీపీఎస్, జనరల్ డైరీ ఆ రోజు పేజీలు. కేసు డైరీ అడగం. అది నాగరిక్ సురక్షా సంహిత 192వ సెక్షన్ కింద రక్షణ ఉన్నది, దర్యాప్తుది. జనరల్ డైరీ వేరు. ఈ రెంటినీ కలిపేసి ‘డైరీ ఇవ్వలేం’ అనడం పాత అలవాటు, ఉత్తర్వులోనే తేడా రాసిపెట్టండి.

రెండో అధికారం చెప్పకుండా వెళ్లి చూడటం. బ్రిటన్‌లో బ్రిక్స్‌టన్ అల్లర్ల తర్వాత 1981 స్కార్మన్ నివేదిక సూచనతో మొదలైన పద్ధతి ఇది. మామూలు పౌరులు ఇద్దరిద్దరుగా, ముందు కబురు లేకుండా, ఏ వేళనైనా ఠాణాకు వెళ్లి కస్టడీలో ఉన్నవారిని చూసి వస్తారు. మన దగ్గర ఎలా చేయాలో చెబుతాం, ఎందుకంటే ఈ పని బాగా చేయడమూ చెడగొట్టడమూ చిన్నచిన్న విషయాల్లోనే ఉంటుంది.

ఇద్దరు వెళ్తారు, అందులో ఒకరు తప్పనిసరిగా మహిళ. కార్డు చూపిన పది నిమిషాల్లో లోపలికి రానివ్వాలి. కాదంటే కారణం రాసి, ఏసీపీకి తెలిపి, ఆ కాగితం వాళ్ల చేతికివ్వాలి. ముందు తలలు లెక్కపెట్టాలి. లాకప్‌తో ఆగకూడదు. రైటర్ గది, మేడ మీద గది, రిసెప్షన్ బెంచీ, వెనక ఆగిన బండి, అన్నీ చూడాలి. ‘కౌన్సెలింగ్‌కు వచ్చారు’, ‘వాళ్లే కూర్చున్నారు’ అని చెప్పేది ఈ చోట్ల ఉన్నవారి గురించే. ఆ లెక్కను మూడింటితో పోల్చాలి: జనరల్ డైరీ చివరి నమోదు, అరెస్టు మెమోలు, అరెస్టయినవారి పేర్లు ప్రదర్శించే బోర్డు. ఆ బోర్డు అదే సంహిత 37వ సెక్షన్ ప్రకారం ప్రతి ఠాణాలో ఉండాల్సిందే, ఏఎస్సైకి తగ్గని అధికారి దానికి బాధ్యుడు. తలలు ఏడు, మెమోలు నాలుగు అంటే తేడా ముగ్గురు. ఆ ముగ్గురి పేర్లు, వచ్చిన టైము అక్కడే రాయించాలి. తర్వాత కెమెరా తెరమీది టైమును చేతిలోని ఫోన్ టైముతో కలిపి ఒక ఫొటో తీయాలి.

కస్టడీలో ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు కానిస్టేబుల్‌కు కనబడాలి, వినబడకూడదు. మూడే ప్రశ్నలు. ఎప్పుడు తెచ్చారు, ఇంటికి కబురు వెళ్లిందా, పోలీసులెవరూ పక్కన లేకుండా డాక్టర్ చూశారా. కేసు గురించి ఒక్క మాట అడగకూడదు. ‘నువ్వు చేశావా’ అని అడిగిన పౌరుడు రేపు సాక్షి అవుతాడు, దర్యాప్తులో వేలు పెట్టాడన్న నింద మండలి మీద పడుతుంది. ఈ ఒక్క తప్పుతోనే మొత్తం వ్యవస్థను ఆపేయొచ్చు, అందుకే శిక్షణలో సగం దీనికే పోవాలి. నివేదిక మూడు ప్రతులు: ఒకటి ఠాణాకు, ఒకటి మండలికి, ఒకటి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు.

డాక్టర్ విషయం విడిగా చెప్పాలి. సంహిత 53వ సెక్షన్ ప్రకారం అరెస్టయిన వెంటనే వైద్య పరీక్ష, గాయాల నమోదు, ఆ ప్రతి అరెస్టయిన వ్యక్తికి ఇవ్వడం తప్పనిసరి. ఆచరణలో ఎస్కార్టు పోలీసు పక్కనే నిలబడితే ఎవరూ చొక్కా విప్పరు. శరీరం బొమ్మ ఉన్న ఫారం, పోలీసులు తలుపు బయట ఉన్నారన్న ఒక టిక్కు గడి, ఈ రెండూ పెడితే చాలావరకు మారుతుంది. అరికాళ్ల గడి ఆ ఫారంలో తప్పకుండా ఉండాలి. నిలబెట్టి చూసిన పరీక్షలో అరికాళ్లు కనబడవు.

మండలి పరిధి ఠాణాలకే పరిమితమైతే సగం పని వృథా. మనుషుల్ని ఎత్తుకెళ్లేది టాస్క్‌ఫోర్స్, ఎస్‌ఓటీ (స్పెషల్ ఆపరేషన్స్ టీమ్), సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) బృందాలు కూడా. ఏ ఠాణాలో అడిగినా ‘మా దగ్గర లేడు’ అన్న నిజమైన జవాబే వస్తుంది. ఆ కార్యాలయాలు, ట్రాఫిక్ విభాగం, హోంగార్డులు ఉత్తర్వులో పేరుపేరునా ఉండాలి. కార్డన్ సెర్చ్, రౌడీషీట్లు, బైండోవర్లు (సత్ప్రవర్తన బాండ్లు), పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) ప్రతిపాదనల సంఖ్యలు కూడా మూడు నెలలకోసారి మండలికి రావాలి. ముందస్తు నిర్బంధాన్ని అలవాటుగా వాడుతున్నారని తెలంగాణ కేసులోనే సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో మందలించింది.

కుటుంబాలకు కావాల్సింది ఒక ఫోన్ నంబరు, అంతే. ‘మా అబ్బాయిని తీసుకెళ్లారు’ అని తల్లి ఫోన్ చేసిన నిమిషమే ఒక ఉనికి రిజిస్టర్‌లో టైముతో నమోదవుతుంది. గంటలోపు మండలి డ్యూటీ ఉద్యోగి సంబంధిత ఠాణానూ, టాస్క్‌ఫోర్స్ కంట్రోల్‌నూ అడుగుతారు. ‘ఉన్నాడు’ లేదా ‘లేడు’ అన్న జవాబు రాతపూర్వకంగా రావాలి, మెసేజ్ అయినా చాలు, చెప్పినవారి హోదాతో. దీనికి పెద్ద ఖర్చు లేదు, 24 గంటలూ మూడు షిఫ్టుల్లో ఇద్దరేసి మనుషులు. తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడగలగాలి. కూర్చోబెట్టడానికీ అరెస్టు చూపించడానికీ మధ్యనున్న గంటలకు ఊరిలో మొదటిసారి బయటి గడియారం ఒకటి దొరుకుతుంది. రిమాండ్ రిపోర్టులో ‘రాత్రి 10 గంటలకు బస్టాపు వద్ద అరెస్టు’ అని ఉంటే, తల్లి ఫోన్ ముందురోజు సాయంత్రం 6.40కి ఉంటుంది. మేజిస్ట్రేట్ గారు రెండూ చూస్తారు.

సభ్యుల ఎంపిక గురించి మాకు గట్టి అభిప్రాయం ఉంది. శాంతి సంఘాలు, మైత్రి సంఘాలు పండుగల వేళ పనికొచ్చాయి, కాదనం. కానీ సభ్యుల్ని ఇన్‌స్పెక్టరే ఎంచుకున్నప్పుడు ఇన్‌స్పెక్టర్ మీద ఫిర్యాదు అక్కడికి పోదు. ఎమ్మెల్యేలో కార్పొరేటరో ఎంచుకుంటే ఠాణాలో ఇంకో పైరవీ తలుపు తెరుచుకుంటుంది. అందుకని ప్రతి డీసీపీ జోన్‌లో దరఖాస్తులు పిలవండి. అర్హులందరి పేర్లతో బహిరంగంగా లాటరీ తీయండి. డబుల్ బెడ్రూం ఇళ్లకు లాటరీ తీసిన నగరమే ఇది, జనానికి అర్థమయ్యే పద్ధతి. జోన్‌కు ఒకరు, వారిలో కనీసం సగం మహిళలు, బస్తీల నుంచి సగానికి తగ్గకుండా. వారికి తోడు ఐదుగురు నిపుణులు: క్రిమినల్ లాయరు, ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టరు, డిజిటల్ సాక్ష్యం తెలిసినవారు, మానసిక ఆరోగ్య కార్యకర్త, గత ఐదేళ్లలో నగరంలో పనిచేయని రిటైర్డ్ పోలీసు అధికారి. అధ్యక్షత రిటైర్డ్ జిల్లా జడ్జికి, హైకోర్టు ఇచ్చే జాబితా నుంచి. పోలీసు ప్రాజెక్టులకు కెమెరాలు, బండ్లు విరాళమిచ్చినవారు వద్దు. ఠాణాల్లో భూ తగాదాలున్న రియల్ ఎస్టేట్ వ్యాపారులు వద్దు, పార్టీ పదవులున్నవారు వద్దు. పదవీకాలం మూడేళ్లు, ఏటా మూడోవంతు మంది దిగిపోవాలి. లాటరీలో తర్వాతి పేరు ఖాళీలోకి ఏ జీవో అవసరం లేకుండా తనంతట తాను ఎక్కాలి. మానవ హక్కుల కమిషన్‌కు పట్టిన ఖాళీ కుర్చీ జబ్బుకు మాకు తెలిసిన మందు ఇదొక్కటే.

ఇలాంటిది మన నేలకు కొత్త కాదు. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలకు కూలీల ఇళ్ల పిల్లలే శిక్షణ పొంది మస్టర్ రోల్స్ (హాజరు పట్టీలు), కొలతల పుస్తకాలు తీసుకుని గడపగడపకూ వెళ్లారు. ‘నీ పేరున పన్నెండు రోజులు రాశారు, నువ్వు చేసిందెంత’ అని అడిగారు. మండల ప్రజావేదికలో అధికారుల ముందే చదివారు. రికార్డుకూ మనిషికీ మధ్య తేడా చూపడమే ఆ పని కిటుకు. మెమోకూ తలకూ మధ్య తేడా చూపడమూ అదే పని. ఏడాదికి రెండుసార్లు జోన్ ప్రజావేదికలో ఠాణాలవారీ లెక్కలు తెలుగు, ఉర్దూలలో చదవాలి. బాధితుల పేర్లు, నిర్ధారణ కాని అధికారుల పేర్లు చదవకూడదు.

తేలిగ్గా చెడిపోయే చోట్లు చెబుతాం. ఫిర్యాదును ‘తగు చర్యకై’ అని అదే డివిజన్ ఏసీపీకి పంపితే మండలి తపాలా డబ్బా అవుతుంది. కాబట్టి మండలికి సొంత విచారణ సిబ్బంది కనీసం పన్నెండు మంది ఉండాలి, వారి జీతాలు పోలీసు పద్దు నుంచి కాకుండా వేరే పద్దు నుంచి రావాలి. ఫిర్యాదు చేసిన వారంలోనే ఫిర్యాదుదారు మీద న్యూసెన్స్ కేసో పాత బైండోవరో తెరుచుకోవడం ఇంకో జబ్బు. ఫిర్యాదు తర్వాత 90 రోజుల్లో ఆ కుటుంబం మీద పెట్టే ప్రతి కొత్త కేసుకూ డీసీపీ రాతపూర్వక అనుమతి ఉండాలి, ప్రతి మండలికి రావాలి. రాజీ కాగితాలు మూడోది. ‘అపార్థం వల్ల ఫిర్యాదు ఇచ్చాను’ అన్న ఉత్తరం వస్తే, సభ్యులు ఒంటరిగా ఆ మనిషిని కలిసి అడిగాకే మూసేయాలి. అధికారి బదిలీ అయితే ఫిర్యాదు అధికారి వెంట పోవాలి, ఠాణాలో ఉండిపోకూడదు.

పోలీసుల పక్కన కూడా ఈ మండలి నిలబడాలి, మనస్ఫూర్తిగా అంటున్నాం. వారాంతపు సెలవు లేకుండా బందోబస్తులో నిలబడే కానిస్టేబుల్ పైవారి చెడ్డ ఉత్తర్వు గురించి చెప్పుకోవడానికి చోటు లేదు. అతనూ ఇక్కడ ఫిర్యాదు చేయగలగాలి, పేరు బయటపడకుండా. ఫిర్యాదు పడ్డ అధికారికి ఏడు రోజుల్లో కాపీ, తన వైపు మనిషిని వెంట తెచ్చుకునే హక్కు, 60 రోజుల్లో తేల్చి చెప్పే గడువు ఉండాలి. ఆరోపణ అబద్ధమైతే ఆ మాట కూడా అంతే స్పష్టంగా రాయాలి.

చట్టం సంగతి. నగర పోలీసు చట్టం 1348 ఫస్లీ నాటిది, అంటే నిజాం కాలపుది. దాన్ని సవరించి మండలికి సమన్ల అధికారం ఇవ్వాలంటే శాసనసభకు వెళ్లాలి, ఆ ముసాయిదా వెంటనే మొదలుపెట్టండి. అప్పటిదాకా జీవో చాలు. జీవోతో బయటివారిని పిలిపించలేరు గానీ, ప్రభుత్వం తన ఉద్యోగులకు చెప్పగలిగింది చాలా ఉంది: తలుపు తీయండి, రికార్డు చూపండి, ఇన్ని గంటల్లో జవాబివ్వండి, ఇవ్వకపోతే అది క్రమశిక్షణా చర్య. సమన్లు కావాల్సిన కేసుల్ని మండలి మానవ హక్కుల కమిషన్‌కో ఫిర్యాదుల ప్రాధికార సంస్థకో సీల్ చేసిన సాక్ష్యంతో సహా అప్పగిస్తుంది. సైనీ తీర్పు చెప్పిన జిల్లా పర్యవేక్షణ కమిటీలో మేయర్‌కు చోటు ఉండనే ఉంది. ఠాణా కెమెరాల మీద పౌర ప్రతినిధి కన్ను ఉండటం కోర్టు ఇప్పటికే ఒప్పుకున్న విషయం.

కమిషనర్ గారూ, జీవో వచ్చేదాకా ఆగకుండా మీ సంతకంతో అయ్యేవి మూడున్నాయి. ప్రతి ఠాణా రికార్డర్‌లో డిస్కు ఎంత, పాత ఫుటేజీ ఏ తేదీ దాకా ఉంది, గడియారం ఎన్ని నిమిషాల తేడాలో ఉంది అన్న మూడు గడుల పట్టికను పదిహేను రోజుల్లో తెప్పించి బయటపెట్టండి. 37వ సెక్షన్ బోర్డు ప్రతి ఠాణా గేటు దగ్గర, టాస్క్‌ఫోర్స్ కార్యాలయం దగ్గర రోజుకు రెండుసార్లు మారేలా చూడండి. పాతబస్తీలో ఒక జోన్, పడమర వైపు ఒక జోన్ ఎంచుకుని న్యాయ సేవాధికార సంస్థ వలంటీర్లతో 90 రోజులు రాత్రి సందర్శనలు నడపండి. ఫారాలు, శిక్షణ పాఠాలు, ఉనికి రిజిస్టర్ నమూనా మా దగ్గర తెలుగు, ఉర్దూలలో సిద్ధంగా ఉన్నాయి. ఏ రోజు పిలిచినా తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
హైదరాబాద్ క్రిమినల్ కోర్టుల న్యాయవాదులు, పారా లీగల్ వలంటీర్లు, సామాజిక తనిఖీ కార్యకర్తలు